మాస్ స్పెక్‌కి ప్రోటీన్ శాంపిల్: ట్యూబు నుంచి స్పెక్ట్రమ్ దాకా

ప్రోటియామిక్స్ ల్యాబ్‌లో, అంటే కణంలోని ప్రోటీన్లన్నిటినీ కలిపి చదివే చోట, కొత్తగా చేరిన పరిశోధకుల కన్నంతా మాస్ స్పెక్ (మాస్ స్పెక్ట్రోమీటర్, అణువుల బరువు తూచే మెషీన్) మీదే ఉంటుంది. పాడైన రన్‌లలో ఎక్కువ భాగం మాత్రం రెండు రోజుల ముందే, ట్యూబులోనే పాడైపోయి ఉంటాయి. యూరియా వేడెక్కి ఉంటుంది, పీహెచ్ చూడకుండా ట్రిప్సిన్ (ప్రోటీన్‌ని ముక్కలుగా కోసే ఎంజైమ్) వేసి ఉంటారు, డిటర్జెంట్ మిగిలిపోయి ఉంటుంది. ఒక్కో తప్పు స్పెక్ట్రమ్‌లో తనదైన గుర్తు వదులుతుంది. ఆ గుర్తులు తెలిసినవాళ్లు రన్ తెరిచి చూసిన కాసేపట్లోనే ఎక్కడ తేడా కొట్టిందో చెప్పేస్తారు. అందుకే కింద ప్రతి దశలోనూ కొలతలతో పాటు, ఆ దశ చెడితే డేటాలో ఏం కనిపిస్తుందో కూడా ఇస్తున్నాం.

ప్రోటీన్‌ని అలాగే కాకుండా ముక్కలుగా ఎందుకు పంపిస్తామన్నది ముందు చెప్పుకోవాలి. ప్రోటీన్ల లాంటి పెద్ద అణువులను విరిగిపోకుండా విద్యుదావేశంతో సహా వాయు దశలోకి తేవడానికి దారి చూపింది జాన్ ఫెన్ ఎలక్ట్రోస్ప్రే, కోయిచి తనాకా లేజర్ పద్ధతి. 2002 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం వాళ్లిద్దరికీ వచ్చింది. మొత్తం ప్రోటీన్‌ని ఎగరేయగలం, కానీ వేల ప్రోటీన్లున్న కణ ద్రావణంలో దాన్ని వేరుచేయడం, పగలగొట్టి చదవడం కష్టం. పెప్టైడ్‌లు, అంటే కోసిన ముక్కలు, కాలమ్ (మిశ్రమాన్ని వేరుచేసే సన్నని గొట్టం) మీద చక్కగా విడిపోతాయి, చక్కగా పగులుతాయి. ట్రిప్సిన్ లైసిన్, ఆర్జినిన్‌ల తర్వాత కోస్తుంది (వెంటనే ప్రోలిన్ ఉంటే చాలా వరకు కోయదు). కాబట్టి దాదాపు ప్రతి ముక్క చివరా ఒక క్షార అమైనో ఆమ్లం మిగులుతుంది. ఆ చివర ఒక ప్రోటాన్, మొదట్లో ఇంకొకటి. అందుకే ట్రిప్టిక్ పెప్టైడ్‌లు సాధారణంగా 2+ లేదా అంతకన్నా ఎక్కువ ఆవేశంతో వస్తాయి. ఈ ఒక్క విషయం తర్వాత చాలా చోట్ల పనికొస్తుంది.

మొదటి శాంపిల్ బీఎస్ఏ

విలువైన శాంపిల్‌తో మొదలుపెట్టకండి. బోవైన్ సీరమ్ ఆల్బుమిన్ (బీఎస్ఏ, ఆవు రక్తంలోని ప్రోటీన్) తీసుకుని మొత్తం ప్రొటోకాల్‌ని మొదటి నుంచి చివరి దాకా నడపండి. 583 అమైనో ఆమ్లాలు, సుమారు 66 కిలోడాల్టన్లు (డాల్టన్ అంటే ఇంచుమించు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు), సీక్వెన్స్ పూర్తిగా తెలుసు. పైగా అందులో 35 సిస్టిన్‌లున్నాయి, వాటిలో 34 కలిసి 17 డైసల్ఫైడ్ బంధాలు కడతాయి. రిడక్షన్ (ఆ బంధాలు విప్పడం), ఆల్కైలేషన్ (అవి మళ్లీ కట్టుకోకుండా మూయడం) సరిగా జరగకపోతే బీఎస్ఏ వెంటనే పట్టిస్తుంది: సిస్టిన్ ఉన్న పెప్టైడ్‌లు కనిపించవు, సీక్వెన్స్ కవరేజ్ (సీక్వెన్స్‌లో ఎంత భాగం కనిపించిందన్నది) పడిపోతుంది. బీఎస్ఏ డైజెస్ట్‌ని (కోత అయ్యాక వచ్చే పెప్టైడ్‌ల ద్రావణాన్ని) చిన్న భాగాలుగా చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే తర్వాత మెషీన్‌ని పరీక్షించడానికీ పనికొస్తుంది.

కలుషితాలు ఎక్కడి నుంచి వస్తాయి

కెరటిన్ మన చర్మం, జుట్టు, దుమ్ము, ఉన్ని బట్టల నుంచి వస్తుంది. ట్యూబుల సంచీని నైట్రైల్ గ్లవ్స్‌తోనే తెరవాలి, మూతలు తెరిచి వదిలేయకూడదు, ట్యూబు మీదకి వంగి మాట్లాడకూడదు. లేటెక్స్ గ్లవ్స్ వద్దు, లేటెక్స్ ప్రోటీన్లే సెర్చ్ (స్పెక్ట్రమ్‌లను తెలిసిన సీక్వెన్స్‌లతో సాఫ్ట్‌వేర్ పోల్చడం) ఫలితాల్లోకి వచ్చేస్తాయి. జెల్ ముక్కలు కోసే పనిలో కెరటిన్ బెడద ఎక్కువ, ద్రావణంలో చేసే డైజెషన్‌లో కాస్త తక్కువ.

అంతకన్నా చేటు చేసేది పాలిమర్. ట్రైటాన్, ట్వీన్, ఎన్‌పీ-40 లాంటి డిటర్జెంట్లు, హ్యాండ్ క్రీములు, కొన్ని వైప్‌లు అన్నీ పాలీఇథిలీన్ గ్లైకాల్ గొలుసులు ఇస్తాయి. స్పెక్ట్రమ్‌లో 44.026 డాల్టన్ల తేడాతో నిచ్చెన మెట్లలా వరుస పీక్‌లు కనిపిస్తే పాలిమరే. 2+ అయాన్లయితే తేడా 22.013 ఉంటుంది. దీన్ని సీ18 (పెప్టైడ్‌లను పట్టుకునే రెసిన్) శుద్ధి తీసేయలేదు, పెప్టైడ్‌లతో పాటే అంటుకుని పాటే దిగుతుంది. కాలమ్‌లోకి వెళ్లాక రోజుల తరబడి కారుతూనే ఉంటుంది. కాబట్టి బఫర్‌లకీ సాల్వెంట్లకీ డిటర్జెంట్ పెట్టి కడిగిన గాజు సీసా అసలు వాడకండి. మాస్ స్పెక్ సీసాలు విడిగా ఉంచి, ఎల్‌సీ-ఎంఎస్ గ్రేడ్ నీళ్లతో, సాల్వెంట్‌తో మాత్రమే తొలిపి వాడుకోవాలి. ఎం/జెడ్ (ద్రవ్యరాశిని ఆవేశంతో భాగిస్తే వచ్చేది) 445.12 దగ్గర ఎప్పుడూ కనిపించే పీక్ మాత్రం గాలిలోని సిలోక్సేన్. దాన్ని చూసి కంగారుపడనక్కర్లేదు, చాలా మెషీన్లు దాన్నే ద్రవ్యరాశి సరిచూసుకోడానికి వాడుకుంటాయి.

లైసిస్: యూరియా దారి

లైసిస్ అంటే కణాలను పగలగొట్టి ప్రోటీన్‌ని బయటికి తీయడం. పది లక్షల మానవ కణాల నుంచి ఇంచుమించు 100 నుంచి 200 మైక్రోగ్రాముల ప్రోటీన్ వస్తుంది. ఒక సాధారణ ప్రయోగానికి అది చాలు. కణాలను చల్లటి పీబీఎస్‌తో (ఫాస్ఫేట్ ఉప్పు బఫర్) రెండుసార్లు కడగండి. లేదంటే కల్చర్ మీడియంలోని సీరమ్ ఆల్బుమినే శాంపిల్ అంతా ఆక్రమిస్తుంది.

10 మి.లీ. 8 మోలార్ యూరియా కావాలంటే 4.8 గ్రాముల యూరియా తూచి, 1 మి.లీ. 1 మోలార్ ట్రిస్ (పీహెచ్ 8), 5 మి.లీ. నీళ్లు పోసి తిప్పండి. 10 మి.లీ. నీళ్లలో 4.8 గ్రాములు వేయడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. యూరియా తనంతట తానే మూడున్నర మి.లీ.కి పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి గాఢత 8కి చాలా దిగువన ఆగిపోతుంది. కరిగేటప్పుడు ట్యూబు చేతికి చల్లగా తగులుతుంది, కరగడం ఆలస్యమవుతుంది. అప్పుడు హీట్ బ్లాక్‌లో పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. గది ఉష్ణోగ్రత దగ్గరే తిప్పుతూ ఉంటే కరుగుతుంది. తర్వాత 10 మి.లీ.కి నింపండి. ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి.

వేడి ఎందుకు కూడదంటే, యూరియా ద్రావణంలో ఎప్పుడూ కొంత సైనేట్ తయారవుతూ ఉంటుంది, వేడికి ఇంకా పెరుగుతుంది. అది లైసిన్‌కీ పెప్టైడ్ మొదటి చివరకీ అతుక్కుని 43.0058 డాల్టన్లు కలుపుతుంది. దీన్నే కార్బమైలేషన్ అంటారు. కార్బమైలేట్ అయిన లైసిన్ దగ్గర ట్రిప్సిన్ కోయలేదు. అంటే ఒక్క తప్పుకి రెండు శిక్షలు: పెప్టైడ్ ద్రవ్యరాశి మారిపోతుంది, కోత కూడా ఆగిపోతుంది. యూరియా ఉన్నంతసేపు 37 డిగ్రీలు దాటకండి.

కణాలకు యూరియా బఫర్ కలిపాక జిగటగా సాగుతుంటే అది డీఎన్ఏ. ఐస్ మీద పెట్టి చిన్న చిన్న పల్స్‌లుగా సోనికేట్ చేయండి. పిపెట్‌తో తీస్తే నీళ్లలా జారే దాకా చేయాలి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో 16,000 జీ (గురుత్వ బలానికి 16,000 రెట్లు) దగ్గర 10 నిమిషాలు తిప్పి పైద్రవం తీసుకోండి.

ప్రోటీన్ కొలత ఇప్పుడే, డీటీటీ (డైసల్ఫైడ్ బంధాలు విప్పే రసాయనం) కలపకముందే చేయాలి. బీసీఏ పరీక్ష (రంగు చూసి ప్రోటీన్ కొలిచేది) రాగి క్షయకరణం మీద ఆధారపడుతుంది కాబట్టి డీటీటీ ఉంటే అంకె అబద్ధం చెబుతుంది. యూరియా కూడా ఎక్కువైతే అడ్డే, శాంపిల్‌ని కనీసం మూడు నాలుగు రెట్లు పలచన చేసి, స్టాండర్డులను అదే పలచని బఫర్‌లో చేసి 562 నానోమీటర్ల దగ్గర చదవండి. ఈ అంకె మీదే ట్రిప్సిన్ మోతాదు ఆధారపడుతుంది, తొందరపడే చోటు కాదు.

ఎస్‌డీఎస్‌తో (బలమైన డిటర్జెంట్) లైసిస్ చేస్తే మెంబ్రేన్ ప్రోటీన్లు బాగా కరుగుతాయి. కానీ ఎస్‌డీఎస్ కొంచెం మిగిలినా ఎలక్ట్రోస్ప్రే కుంటుపడుతుంది, కాలమ్ మీద పీక్‌లు చెదిరిపోతాయి. వాడితే దాన్ని పూర్తిగా తీసేసే పద్ధతే ఎంచుకోవాలి: ఎస్‌పీ3 బీడ్‌లు, ఎస్-ట్రాప్, ఫాస్ప్ ఫిల్టర్, లేదా నాలుగు రెట్ల చల్లటి అసిటోన్‌తో రాత్రంతా అవక్షేపం. అసిటోన్ దారిలో అడుగున చేరిన ప్రోటీన్ గుళికను మరీ ఎండబెడితే మళ్లీ కరగదు, కాస్త తడి ఉండగానే బఫర్ పోయాలి. తక్కువ మోతాదు శాంపిళ్లకు మా ఓటు ఎస్‌పీ3కే.

రిడక్షన్, ఆల్కైలేషన్

100 మైక్రోగ్రాముల ప్రోటీన్ 100 మైక్రోలీటర్ల యూరియా బఫర్‌లో ఉందనుకుందాం. 500 మిల్లీమోలార్ డీటీటీ (మి.లీ.కి 77 మి.గ్రా.) 1 మైక్రోలీటర్ కలిపితే సుమారు 5 మిల్లీమోలార్ అవుతుంది. 37 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు ఉంచండి. చాలా ప్రొటోకాల్‌లలో కనిపించే 56 డిగ్రీలు యూరియా లేని బఫర్‌లకు చెప్పినవి.

తర్వాత 500 మిల్లీమోలార్ అయోడోఅసిటమైడ్ (మి.లీ.కి 92.5 మి.గ్రా.) 3 మైక్రోలీటర్లు వేసి, చీకటిలో, గది ఉష్ణోగ్రత దగ్గర 30 నిమిషాలు ఉంచండి. ఇది వెలుతురుకి విరిగి అయోడిన్ విడుదల చేస్తుంది. ద్రావణం పసుపు తిరిగితే పారేయండి. సమయం కాగానే మరో 1 మైక్రోలీటర్ డీటీటీ వేస్తే మిగిలిన అయోడోఅసిటమైడ్ దానితో చర్య జరిపి ఆగిపోతుంది. ఈ చివరి డీటీటీని మర్చిపోతే రాత్రంతా అది లైసిన్లనీ, మెథియోనిన్లనీ, పెప్టైడ్ మొదళ్లనీ వెతుక్కుంటూ పోతుంది.

ఆల్కైలేషన్ అయిన సిస్టిన్ 57.0215 డాల్టన్లు బరువెక్కుతుంది. ఇక్కడొక ఉచ్చు ఉంది, యుబిక్విటిన్ (వేరే ప్రోటీన్ల లైసిన్‌లకి అతుక్కునే చిన్న ప్రోటీన్) మీద పనిచేసేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. యుబిక్విటిన్ అతికిన లైసిన్‌ని ట్రిప్సిన్ కోశాక రెండు గ్లైసిన్‌లు మిగులుతాయి, వాటి బరువు 114.0429. ఒకే లైసిన్‌కి రెండు అయోడోఅసిటమైడ్‌లు తగులుకుంటే? రెండు 57.0215లు, అదే 114.0429. పరమాణు సంఘటనం కూడా ఒకటే కావడంతో ఎంత నిశితమైన మెషీన్ అయినా బరువు చూసి తేడా చెప్పలేదు. అలాంటి పనికి క్లోరోఅసిటమైడ్ వాడండి.

డైజెషన్

ముందు లైస్-సి (కోత కోసే ఇంకో ఎంజైమ్) వేస్తే మంచిది. ఇది 8 మోలార్ యూరియాలో కూడా పనిచేస్తుంది, ముడతలు విప్పి ఉన్న ప్రోటీన్‌ని లైసిన్‌ల దగ్గర కోసేస్తుంది. 100 మైక్రోగ్రాములకు 1 మైక్రోగ్రాము, 3 గంటలు. ఆ తర్వాత 50 మిల్లీమోలార్ అమ్మోనియం బైకార్బొనేట్ 700 మైక్రోలీటర్లు పోసి యూరియాని 1 మోలార్ దగ్గరికి దించండి. 2 మోలార్ దాటి ఉంటే ట్రిప్సిన్ నీరసపడుతుంది. ఇప్పుడు అర మైక్రోలీటరు చుక్క పీహెచ్ కాగితం మీద పెట్టి చూడండి, 8 దగ్గర ఉండాలి. ట్యూబులో కాగితం ముంచకండి. సీక్వెన్సింగ్ గ్రేడ్ ట్రిప్సిన్ 2 మైక్రోగ్రాములు (1:50) వేసి 37 డిగ్రీల దగ్గర 12 నుంచి 16 గంటలు వదలండి. హీట్ బ్లాక్ కన్నా మూత మీద కూడా వేడి తగిలే ఇంక్యుబేటర్ మేలు. బ్లాక్‌లో నీరు ఆవిరై మూత లోపల చుక్కలు కట్టి, కింద గాఢత మారిపోతుంది.

ట్రిప్సిన్ పొడిని 50 మిల్లీమోలార్ అసిటిక్ ఆమ్లంలో కరిగించి చిన్న భాగాలుగా మైనస్ 80లో దాచుకోవాలి. ఆమ్లంలో అది తనని తాను కోసుకోదు. పీహెచ్ 8 బఫర్‌లో కలిపి దాస్తే తనని తానే కోసుకుని, ప్రోటీన్‌ని కోయాల్సిన ఎంజైమే అయిపోతుంది.

కోత పూర్తయిందో లేదో తర్వాత సెర్చ్ ఫలితంలో తెలుస్తుంది: మధ్యలో కోయకుండా వదిలిన లైసిన్ లేదా ఆర్జినిన్ ఉన్న పెప్టైడ్‌ల వాటా చూడండి. అది ఐదో వంతు దాటితే వెనక్కి వెళ్లి వెతకాలి. పీహెచ్, యూరియా గాఢత, ప్రోటీన్ కొలత, పాత ట్రిప్సిన్, ఈ వరుసలో. వదిలేసినవి ఎక్కువగా లైసిన్లే అయి, 43.0058 మార్పు కూడా కనిపిస్తే తప్పు ట్రిప్సిన్‌ది కాదు, వేడెక్కిన యూరియాది.

కోత ఆపడానికి 10 శాతం టీఎఫ్ఏ (ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం) 80 మైక్రోలీటర్లు కొంచెం కొంచెంగా వేయండి. బైకార్బొనేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ బుసబుసా పొంగుతుంది, మూత వెంటనే బిగిస్తే ఎగిరిపోతుంది. పీహెచ్ 3 లోపుకి రావాలి. తెల్లగా మబ్బు కడితే 16,000 జీలో 10 నిమిషాలు తిప్పి స్పష్టమైన ద్రవం మాత్రమే తీసుకోండి. సోడియం డీఆక్సీకోలేట్ వాడినవాళ్లకు ఈ మబ్బు రావాల్సిందే, ఆమ్లంలో అది అవక్షేపంగా దిగిపోతుంది.

డీసాల్టింగ్

యూరియా, ట్రిస్, లవణాలు స్ప్రేలోకి వెళ్తే పెప్టైడ్ సిగ్నల్‌ని నొక్కేస్తాయి. 100 మైక్రోగ్రాములకు 50 మి.గ్రా. సీ18 కార్ట్రిడ్జ్ బోలెడు. 1 మి.లీ. అసిటోనైట్రైల్‌తో తడిపి, 1 మి.లీ. 0.1 శాతం టీఎఫ్ఏ రెండుసార్లు పోయండి. ఇక్కడి నుంచి శాంపిల్ ఎక్కేదాకా రెసిన్ ఎండకూడదు. శాంపిల్‌ని నెమ్మదిగా, చుక్కలు లెక్కపెట్టగలిగే వేగంతో దింపండి. కిందికి వచ్చినదాన్ని ఇంకోసారి ఎక్కించి, పారేయకుండా దాచండి. 0.1 శాతం టీఎఫ్ఏ 1 మి.లీ. మూడుసార్లు కడిగి, 50 శాతం అసిటోనైట్రైల్, 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లంతో 300 మైక్రోలీటర్లు రెండు విడతలుగా దింపుకోండి. 10 మైక్రోగ్రాముల లోపు శాంపిల్‌కి ఇంత పెద్ద రెసిన్ వాడితే సగం దానికే అంటుకుపోతుంది. అప్పుడు స్టేజ్‌టిప్ చేసుకోవాలి: పిపెట్ టిప్పులో సీ18 డిస్క్ ముక్కలు కూరి చేసే చిన్న కాలమ్. ఒక్కో ముక్క పట్టేది కొద్ది మైక్రోగ్రాములే.

దిగినదాన్ని స్పీడ్‌వ్యాక్‌లో (శూన్యంలో తిప్పుతూ ఆరబెట్టే యంత్రం) ఆరబెట్టండి. పూర్తిగా ఎండాక కూడా గంటలకొద్దీ వదిలేస్తే పెప్టైడ్ ట్యూబు గోడకి అతుక్కుని తిరిగి రాదు, లో-బైండ్ ట్యూబైనా సరే. 2 శాతం అసిటోనైట్రైల్, 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లంలో కరిగించి, పెప్టైడ్ గాఢత మళ్లీ కొలవండి. మొదట 100 మైక్రోగ్రాములున్నాయి కదా అని చివర కూడా అంతే ఉందనుకోవద్దు, దారిలో సగం దాకా పోవడం మామూలే. శాంపిళ్ల మధ్య పోలిక కావాలంటే అన్నిటినీ ఇదే అంకెతో సమం చేయాలి. వయల్‌లో పోసే ముందు చివరిసారి 16,000 జీలో తిప్పి, అడుగున నాలుగైదు మైక్రోలీటర్లు వదిలేయండి. ఆ కాస్త దగ్గర పిసినారితనం చూపిస్తే కాలమ్ మూసుకుపోతుంది. వయల్‌ని వేలితో తట్టి అడుగున బుడగ లేకుండా చూడండి. బుడగ ఉంటే సూది గాలి పీలుస్తుంది, రన్ ఖాళీగా వస్తుంది.

కాలమ్, మెషీన్

నానో ఎల్‌సీకి (చాలా సన్నని కాలమ్ మీద చేసే ద్రవ క్రోమటోగ్రఫీ) సాధారణంగా 75 మైక్రాన్ల లోపలి వ్యాసం, 25 సెం.మీ. పొడవు, 2 మైక్రాన్ల లోపు సీ18 గుళికలు ఉన్న కాలమ్ వాడతారు. వేగం నిమిషానికి 300 నానోలీటర్లు. ఏ సాల్వెంట్ నీళ్లు, బీ సాల్వెంట్ 80 శాతం అసిటోనైట్రైల్, రెండిట్లో 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లం. బీని 4 నుంచి 38 శాతానికి 90 నిమిషాల్లో పెంచి, ఆపైన 95 శాతంతో కడగండి. ఎక్కించేది అర నుంచి 1 మైక్రోగ్రాము. ఎక్కువ పోస్తే ఎక్కువ ప్రోటీన్లు దొరుకుతాయన్నది భ్రమ. పీక్‌లు వెడల్పై, మిగిలింది తర్వాతి రన్‌లో బయటపడుతుంది.

ఆర్బిట్రాప్ (ఒక రకం మాస్ స్పెక్) మీద డీడీఏ పద్ధతికి (బలమైన అయాన్లను అప్పటికప్పుడు ఎంచి పగలగొట్టేది) మొదలుపెట్టడానికి ఈ అంకెలు బాగుంటాయి: ఎంఎస్1 (పగలగొట్టక ముందు తీసే స్పెక్ట్రమ్) రిజల్యూషన్ 60,000, పరిధి ఎం/జెడ్ 350 నుంచి 1500, బలమైన 15 అయాన్లను ఎంచి, 1.4 కిటికీతో వేరుచేసి, హెచ్‌సీడీ (వాయువుతో ఢీకొట్టి పగలగొట్టడం) శక్తి 27 లేదా 28తో పగలగొట్టి, 15,000 రిజల్యూషన్‌తో చదవడం. ఒకసారి పగిలిన అయాన్‌ని 30 సెకన్లు పక్కన పెట్టడం. 1+ అయాన్లను వదిలేయడం. చివరిదానికి కారణం పైన చెప్పినదే. ట్రిప్టిక్ పెప్టైడ్ ఎక్కువగా 2+ లేదా 3+, ఒంటరి ఆవేశంతో వచ్చేది చాలాసార్లు చెత్త. ఆవేశం ఎంతో ఐసోటోప్ పీక్‌ల మధ్య దూరం చెబుతుంది: 1.0 అయితే 1+, 0.5 అయితే 2+, 0.33 అయితే 3+.

శాంపిల్ పెట్టే ముందు ఒక ఖాళీ రన్, తర్వాత 200 నానోగ్రాముల హీలా (ల్యాబ్‌లలో పెంచే మానవ కణాలు) డైజెస్ట్ లేదా మీ బీఎస్ఏ నడపండి. పెప్టైడ్ సంఖ్య, నాలుగైదు తెలిసిన పెప్టైడ్‌ల రిటెన్షన్ సమయం (కాలమ్ నుంచి దిగే సమయం), పీక్ వెడల్పు, ద్రవ్యరాశి తేడా, పంపు ప్రెషర్ ఒక పట్టికలో రాసుకోండి. ప్రెషర్ రోజురోజుకీ పెరుగుతుంటే కాలమ్ మూసుకుపోతోంది. హఠాత్తుగా పడిపోతే ఎక్కడో లీకు. ప్రెషర్ బాగానే ఉండి సిగ్నల్ ఊగిసలాడుతుంటే స్ప్రే మొనని కెమెరాలో చూడండి, అక్కడ చుక్క కడుతూ ఉండొచ్చు. అన్నీ బాగుండి పీక్ ఎత్తు మాత్రం నెలలో సగమైతే అయాన్ ప్రవేశద్వారం మురికి పట్టింది, కడగాలి.

ఒక స్పెక్ట్రమ్ చేత్తో చదవండి

సాఫ్ట్‌వేర్‌కి అప్పగించే ముందు బీఎస్ఏలోని ఒక పెప్టైడ్‌ని కాగితం మీద లెక్కేసి చూడాలి. లూసిన్, వాలిన్, ఆస్పరజిన్, గ్లుటమేట్, లూసిన్, థ్రియోనిన్, గ్లుటమేట్, ఫినైల్‌అలనిన్, అలనిన్, లైసిన్. ఈ పది అవశేషాల బరువులు కూడితే 1144.6128. ఒక నీటి అణువు 18.0106 కలిపితే 1162.6234. 2+ అయాన్‌కి రెండు ప్రోటాన్లు (ఒక్కొక్కటి 1.0073) కలిపి రెండుతో భాగిస్తే 582.3190. మీ మెషీన్ 582.3213 చూపిస్తే తేడా 0.0023, అంటే 4 పీపీఎం (పది లక్షల్లో నాలుగు వంతులు). అన్ని పెప్టైడ్‌లూ ఒకే వైపు 4 పీపీఎం జరిగి ఉంటే క్యాలిబ్రేషన్ కాస్త పక్కకి జరిగిపోయిందన్నమాట, గుర్తింపులకు ఢోకా లేదు.

ఇది పగిలితే లైసిన్ వైపు నుంచి వై అయాన్లు వస్తాయి. మొదటిది 147.113, అంటే లైసిన్. ట్రిప్టిక్ పెప్టైడ్ చివర ఆర్జినిన్ ఉంటే అదే చోట 175.119 ఉండేది. రెండోది 218.150, తేడా 71.037, అలనిన్. మూడోది 365.218, తేడా 147.068, ఫినైల్‌అలనిన్. తర్వాత 494.261, గ్లుటమేట్. 595.309, థ్రియోనిన్. ఇలా మెట్టు మెట్టుకీ ఒక అక్షరం దొరుకుతుంది. ఆ తర్వాతి మెట్టు గ్లుటమేట్ 129.043 అనుకుంటే తప్పు, వరుసలో వచ్చేది లూసిన్, 113.084. అక్కడ ఐసోలూసిన్ ఉన్నా ఇదే అంకె వస్తుంది, సాధారణ హెచ్‌సీడీతో రెండిటినీ విడదీయలేం. ఇలా ఇరవై స్పెక్ట్రాలు చదివినవాళ్లకు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన గుర్తింపుల్లో అబద్ధాలు తేలిగ్గా కంటబడతాయి: నాలుగు పెద్ద పీక్‌లకు పేరే లేకపోవడం, వరుసగా మూడు వై అయాన్లు కూడా లేకపోవడం లాంటివి.

సెర్చ్

యూనిప్రాట్ (ప్రోటీన్ సీక్వెన్స్‌ల డేటాబేస్) నుంచి మీ జీవి సీక్వెన్స్‌లు, వాటితో పాటు కెరటిన్, ట్రిప్సిన్, ఆల్బుమిన్ ఉన్న కలుషితాల జాబితా తప్పనిసరిగా పెట్టండి. ఆ జాబితా లేకపోతే కెరటిన్ స్పెక్ట్రమ్ ఎక్కడికీ పోదు, దగ్గర పోలికున్న ఇంకో ప్రోటీన్ పేరు తగిలించుకుంటుంది. ద్రవ్యరాశి తేడాకి హద్దుగా పేరెంట్ అయాన్‌కి (పగలక ముందు అయాన్) 10 పీపీఎం, ముక్కలకు 0.02 డాల్టన్, రెండు మిస్డ్ క్లీవేజ్‌లు (కోయకుండా వదిలిన చోట్లు), సిస్టిన్ మీద 57.0215 స్థిరం, మెథియోనిన్ ఆక్సిడేషన్ 15.9949, ప్రోటీన్ మొదట్లో అసిటైలేషన్ 42.0106 ఐచ్ఛికం. ఐచ్ఛిక మార్పులు ఇష్టమొచ్చినన్ని చేర్చకండి. ప్రతి మార్పూ వెతికే చోటుని పెంచుతుంది, యాదృచ్ఛిక జోడీలు పెరుగుతాయి, 1 శాతం ఎఫ్‌డీఆర్ (జాబితాలో తప్పు గుర్తింపుల వాటా) హద్దు దాటి నిలిచేవి తగ్గుతాయి. కార్బమైలేషన్ అనుమానం ఉంటే దాన్ని చేర్చి విడిగా ఒక సెర్చ్ నడిపి చూడండి.

ఎఫ్‌డీఆర్ లెక్క తిరగేసిన నకిలీ సీక్వెన్స్‌లతో వస్తుంది: నకిలీలకు ఎన్ని తగిలాయో చూసి అసలువాటిలో ఎన్ని తప్పో అంచనా వేస్తారు. అది మొత్తం జాబితా గురించిన అంచనా. ఒక్కో ప్రోటీన్ 99 శాతం నిజమని దానర్థం కాదు. అంచున నిలబడినవాటిలో తప్పుల సాంద్రత చాలా ఎక్కువ. ఒకే పెప్టైడ్ మీద నిలబడ్డ ప్రోటీన్‌ని పేపర్‌లో ముఖ్య ఫలితంగా పెట్టాలనుకుంటే దాని స్పెక్ట్రమ్‌ని కళ్లతో చూసి తీరాలి.

దగ్గరి బరువుల ఉచ్చులు మరి రెండు. అసిటైలేషన్ 42.0106, ట్రైమిథైలేషన్ 42.0470, హిస్టోన్ల (డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్లు) మీద పనిచేస్తే ఈ 0.0364 తేడాయే మీ ఫలితం. ఆస్పరజిన్ డీఅమిడేషన్ 0.9840 కలుపుతుంది, కార్బన్-13 ఐసోటోప్ 1.0034 కలుపుతుంది. సాఫ్ట్‌వేర్ మొదటి ఐసోటోప్‌ని వదిలి రెండోదాన్ని పట్టుకుంటే లేని డీఅమిడేషన్ పుట్టుకొస్తుంది. 1500 డాల్టన్ల పెప్టైడ్‌కి ఆ రెండిటి మధ్య దూరం 13 పీపీఎం మాత్రమే.

పోలిక ప్రయోగాలైతే

కంట్రోల్ శాంపిళ్లన్నీ ముందు, మందు వేసినవన్నీ తర్వాత నడిపితే మీరు కొలిచేది మందు ప్రభావమో, కాలమ్ ముసలితనమో ఎవరూ చెప్పలేరు. ఒక్కో వర్గం నుంచి ఒక్కొక్కటి తీసి చిన్న గుంపులు చేసి, ప్రతి గుంపులోపల వరుసని లాటరీలా కలిపి నడపండి. లైసిస్, డైజెషన్ కూడా అంతే. మూడు రోజుల్లో చేయాల్సి వస్తే ప్రతి రోజూ రెండు వర్గాల శాంపిళ్లూ ఉండాలి. ఒకే డైజెస్ట్‌ని మూడుసార్లు నడిపితే మెషీన్ నిలకడ తెలుస్తుంది, జీవి తేడా తెలియదు. విడివిడిగా పెంచిన కల్చర్లు, విడివిడి జంతువులే అసలు పునరావృతాలు. ప్రతి ఏడెనిమిది రన్‌లకు ఒకసారి అన్ని శాంపిళ్ల నుంచి కొంచెం తీసి కలిపిన మిశ్రమాన్ని నడిపితే, రోజులు గడిచేకొద్దీ సిగ్నల్ ఎటు జారుతోందో కనిపిస్తుంది.

రన్ పట్టికలో శాంపిల్ పేరుతో పాటు ట్రిప్సిన్ లాట్ నంబరు, యూరియా చేసిన తేదీ, పెప్టైడ్ గాఢత, ఎక్కించిన ఘనపరిమాణం, కాలమ్ నంబరు, దాని మీద అప్పటికి నడిచిన రన్‌లు రాయండి. పేపర్ పంపేటప్పుడు రా ఫైళ్లు, సెర్చ్ ఫలితాలు ప్రైడ్ ద్వారా ప్రోటియోమ్ఎక్స్చేంజ్‌లో (ప్రోటియామిక్స్ డేటాని అందరికీ అందుబాటులో ఉంచే చోటు) పెట్టమని జర్నళ్లు అడుగుతాయి, అప్పుడు ఏ ఫైలు ఏ ట్యూబుదో ఈ పట్టికే చెప్పాలి. ఫైలు పేర్లలో ఖాళీలు, చుక్కలు, "ఫైనల్", "ఫైనల్ 2" లాంటివి పెట్టకండి. తేదీ, శాంపిల్ సంఖ్య, పునరావృతం సంఖ్య చాలు. మిగిలిన డైజెస్ట్‌ని ఎండబెట్టి మైనస్ 80లో ఉంచండి. రివ్యూయర్ మళ్లీ నడపమంటే లైసిస్ నుంచి మొదలుపెట్టే అవసరం రాదు.